నూట పన్నెండో నెంబరు బిళ్ళ

బావా, పోర్టు ఎనక ఆ కంట్రాక్టరు పాత గోడౌను ఉండీది కదా... ఎనభై రెండులో పొద్దుగూకితే ఆ గేటేపు ఎవులూ ఎళ్ళీవోరు కాదు. గేటు పక్క కాళీగున్న వాచ్‌మేన్ గదిలోంచి గొంతు ఇనపడీది — "బిళ్ళ ఇచ్చీసి ఎళ్ళు..."

ఆ మాట వాచ్‌మేన్ చలమయ్యది. బతికున్నప్పుడు రోజూ అనీవోడు. మూటలు మోసీ కళాసీలు లోనకెళ్తే బోర్డు మీద తమ నెంబరు ఇత్తడి బిళ్ళ తీసుకోవాల, బయటికొస్తే మళ్ళీ మేకుకి తగిలించాల. మేకు కాళీగుందంటే మనిషి లోనున్నట్టే.

డెబ్బై తొమ్మిదిలో ఓ రాత్రి చలమయ్యని ఆ గదిలోనే సంపీసేరు. తెల్లారి సూస్తే ఒక్క మేకే కాళీ — మా సిన్నాన్న సూరన్నది, నూట పన్నెండు.

"సూరన్న లోనే ఉన్నాడండి, నాను సూసేను," అని మేస్త్రీ జగ్గారావు కోర్టులో సాచ్చికం సెప్పేడు. యావజ్జీవం పడిపోయింది.

సిన్నాన్న రాజమండ్రి జైల్లోంచి రాసిందే రాసేడు. "నాను బిళ్ళ తగిలించీసే ఇంటికెళ్ళేను. ఎవుడో తీసీసేడు. నా తరపున మాటాడండి బాబూ..." ఏడుగురు ప్లీడర్లకి రాస్తే భీమశంకరరావు గారొక్కరే ఫీజు అక్కర్నేదన్నారు, అప్పీలేసేరు. కానీ మా పిన్ని నూకాలుతో అన్నారు — "ఎవరో తీశారనడానికి ఆ బిళ్ళ దొరక్కపోతే కేసు నిలబడదమ్మా."

పిన్ని ఏడవనేదు. "దొరుకుద్ది బాబూ," అంది. అంతే.

ఆ వారమే గేటుకాడ గొంతు మొదలైంది.

"నీకు భయమేటి మేస్త్రీ, నువ్వు సాచ్చివి కదా," అని కళాసీలు ఎక్కిరిస్తే, పౌరుషానికి పోయి జగ్గారావు ఓ రాత్రి ఒక్కడే ఎళ్ళేడు...

నడిజామున ప్లీడరు గారి తలుపు బాదేడు. ఈధంతా లెగిసిపోయింది. కుడిసెయ్యి గుప్పిట బిగుసుకుపోయుంది — ఏళ్ళ సందుల్లోంచి ఉప్పునీరు కారతంది.

"నానే సంపేను బాబూ. నానే బిళ్ళ తీసేను. ఆ రాత్రే సముద్రంలో ఇసిరీసేను... ఇందాక ఆ చలమయ్యే నా సేతిలో ఎట్టేడు. ప్లీడరుకిచ్చీమన్నాడు..."

ఇద్దరు పట్టుకుని గుప్పిట ఇప్పేరు. బిళ్ళ కింద పడింది. అరసేతిలో కాల్సినట్టు అచ్చు — నూట పన్నెండు.

సిన్నాన్న ఇంటికొచ్చీసేడు. జగ్గారావు జైలుకెళ్ళేడు. అక్కడ కూడా పొద్దుగూకితే ఆ సెయ్యి సాపీవోడంట... ఎవుడో అడుగుతున్నట్టు.

సానా ఏళ్ళకి పిన్నిని అడిగేను. "ఆ గొంతు నువ్వే కదేటి?"

నవ్వింది. "నానేరా. మీ సిన్నాన్న తువ్వాలు ముసుగేసుకుని నెల్రోజులు ఆ గదిలో కూకున్నాను."

"మరి జగ్గారావు ఒచ్చిన రాత్రి ఏటి సేసేవు?"

పిన్ని నవ్వు ఆగిపోయింది.

"ఆ రాత్రి నాను గేటుకాడికే ఎళ్ళనేదురా... మీ సిన్నాన్నని సూడ్డానికి రాజమండ్రి రైల్లో ఉన్నాను."