అడక్కుండా తగ్గించిన వోల్టేజీ

కోడలు ఛార్జర్ పట్టుకోకుండానే డ్యూటీకి బయలుదేరింది. అది చూసి రేడియో తాత కాఫీ గ్లాసు వెనకాల ముసిముసిగా నవ్వుకున్నాడు. ఆమె గర్భిణుల ఇళ్లకు వెళ్లి చూసే నర్సు. సాయంత్రమయ్యేసరికి ఫోను చచ్చిపోతోందని రోజూ విసుక్కునేది. ఈ మధ్య ఆ విసుగు వినపడడం లేదు.

ఎందుకో తాతకొక్కడికే తెలుసు. ఒకప్పుడు వీధి రేడియోలన్నీ బాగుచేసిన చెయ్యి ఊరికే ఉంటుందా? వీడియోలు చూసి నేర్చుకుని, ఆమె స్నానానికి వెళ్లినప్పుడల్లా ఫోనులోని ప్రాసెసర్ వేగం కొంత, దానికందే వోల్టేజీ కొంత తగ్గిస్తూ వచ్చాడు. కరెంటు తక్కువ తాగితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. బల్ల మీద పెట్టి పాట పెడితే ఆగకుండా పాడింది. రేడియోకైతే ఆ పరీక్ష చాలు, పాడిందంటే బాగున్నట్టే. కోడలికి చెబుదామనుకున్నాడు గానీ, "మీకెందుకు మామయ్యా శ్రమ" అంటుందని భయం. ఆ మాటలో మర్యాదకు లోటుండదు. కానీ అది విన్న ప్రతిసారీ ఈ ఇంట్లో తనతో ఎవరికీ పనిలేదని ఆయనకు గుర్తొస్తుంది.

సాయంత్రం ఆమె వాడిన మొహంతో వచ్చి చెప్పులతోనే కుర్చీలో కూలబడింది. నొప్పులొస్తున్న ఒకావిడ వీడియో కాల్ చేసిందట. ఒకపక్క ధైర్యం చెబుతూ, ఇంకోపక్క మ్యాపులో దారి చూసుకుంటూ ఉండగా ఫోను ఠక్కున ఆరిపోయింది. ఎంత నొక్కినా కాసేపటిదాకా వెలగలేదట. ఇల్లు వెతుక్కుని వెళ్లేసరికి మెట్ల మీదే కాన్పయిపోయింది. తల్లి బాగానే ఉంది, బిడ్డ మాత్రం ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. కావాలనే ఫోను ఆపేసిందని హెడ్ నర్సు అనుమానం. రేపు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

కొడుకు తేలిగ్గా తీసేశాడు. పాత ఫోనని చెప్పేస్తే సరి, కొత్తది కొందామన్నాడు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే తాత భుజాలు తడుముకున్నాడు. నోరు మూసుకుంటే గడిచిపోయేదే, కానీ మనసు ఒప్పుకోలేదు.

"ఫోను తప్పు కాదమ్మా. నేనే వోల్టేజీ తగ్గించాను. అన్ని పనులూ ఒక్కసారి మీద పడేసరికి ఆ కాస్త కరెంటు చాలక ఆరిపోయి ఉంటుంది."

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా మామయ్యా?"

"అడిగితే వద్దంటావని."

"వద్దంటే మానేయాలి కదా. ఆ పసిగుడ్డుకేమైనా అయితే నేనెవరికి చెప్పుకోను?"

కొడుకు సర్దిచెప్పబోతే ఆమె చేత్తోనే ఆపి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

తెల్లారి ఆయన ఆమెకంటే ముందే చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. హెడ్ నర్సు ముందు చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ ఇద్దరికీ తలంటింది గానీ, కోడలిని పనిలోంచి తీయనంది. బిడ్డ పాలు తాగుతోందని, ఇక భయం లేదని కూడా చెప్పింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక కోడలు ఫోను తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"ముందెలా ఉందో అలా చేసిపెట్టండి. నేను పక్కనే ఉంటాను."

తాత సెట్టింగులు తెరిచాడు. తెర మీద ఒక్కో అంకె పెంచే ముందు ఆగి ఆమె మొహం చూశాడు.

"ఇది మార్చనా అమ్మా?"

"మార్చండి మామయ్యా."

మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది. అంతా అయ్యాక, ఇక సాయంత్రం దాకా ఛార్జి రాదేమోనని ఆయన గొణిగాడు.

"రాకపోతే పోనీండి. ఏం చేయొచ్చో ఇంటికెళ్లాక ఇద్దరం కూర్చుని చూద్దాం."

ఇద్దరం అన్న మాట చెవిన పడగానే తాత ఇక ఆపుకోలేకపోయాడు. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా వెక్కివెక్కి ఏడ్చాడు.