నలభై మూడు చోట్ల ఆమె

"మీరు మళ్ళీ వచ్చేశారండీ," అన్నాడతను ఫోన్‌లో, పళ్ళు నూరుకుంటూ.

"ఎక్కడికి?" అంది సర్వేయరు.

"మెట్ల కింద. నీళ్ళ బాటిల్ మూత తీస్తూ. పొద్దుట్నుంచి మిమ్మల్ని తుడవడం ఇది పద్నాలుగోసారి."

"స్కానర్ని వదిలేసి నేను పక్కకి పోతే ఎవడో స్టాండుని తన్నేస్తాడు. అప్పుడు హాలు మొత్తం తుడుచుకుందురుగాని." ఫోన్ పెట్టేసింది.

అతని ఉద్యోగమే తుడవడం. సర్వేయరు మూడు కాళ్ళ స్టాండు మీద లేజర్ స్కానర్ పెడుతుంది. అది గిర్రున తిరుగుతూ గోడల్నీ గుమ్మాల్నీ కోట్ల చుక్కలుగా కొలుస్తుంది. ఆ చుక్కల మబ్బు వచ్చి ఇతని కంప్యూటర్లో కురుస్తుంది. అందులోంచి కట్టడానికి సంబంధం లేనివన్నీ ఏరిపారేయాలి. నడుస్తూ పొగలా సాగిపోయిన మనుషులు, అద్దం చేసిన మోసానికి గోడ అవతల మొలిచిన లేని గదులు, ఇలాంటివన్నీ. ఆ తర్వాత శాంప్లింగ్, అంటే సెంటీమీటరుకో చుక్క ఉంచి మిగతావాటికి సెలవిచ్చేయడం. లోకంలో కష్టాలొచ్చినవాళ్ళకి చుక్కలు కనిపిస్తాయి. ఇతనికి చుక్కలు కనిపించడమే కష్టం, కనిపించకపోతే జీతం కష్టం. ఆఫీసంతా అతన్ని చీపురు అనేది. ఆ ఆఫీసు పెట్టిన సొంత మేనమామతో సహా.

ఈసారి పని ఒక పాత లైబ్రరీ హాలు, అందులో సన్నటి కమ్మీలతో మెలికలు తిరిగిన ఇనుప మెట్లు. ఆమె నలభై మూడు చోట్ల స్టాండు దించింది. నలభై మూడు చోట్లా పక్కనే కాపలా నిలబడింది. స్కానర్‌కి దగ్గరగా ఉన్నదాని మీదే చుక్కలు దట్టంగా పడతాయి గనక, తలుపులకన్నా తాళాలకన్నా స్పష్టంగా పడింది ఆమే. కాపలా కాసిందే గాని, తనని తాను మాత్రం కాసుకోలేదు.

ఏరి ఏరి విసుగెత్తిన చీపురు, తుడవడం అయ్యాక పంపే రిపోర్టులో కసి తీరా ఒక ముక్క రాశాడు. "తొలగించిన అనవసర వస్తువులు: చెత్తబుట్టలు రెండు, నిచ్చెన ఒకటి, సర్వేయరు నలభై మూడు."

ఆ ముక్క ఆమె చదివింది. గంట తిరక్కుండా మేనమామ గదిలో ఉంది. తనని చెత్తబుట్టతో మొదలుపెట్టి నిచ్చెన మీదుగా లెక్కేసిన మనిషికి రేపట్నుంచి తన స్కాన్లు ఇవ్వొద్దని, వేరే ఎవరికైనా ఇచ్చుకోమని చెప్పేసింది. మేనమామ అతన్నీ పిలిపించి, ఇద్దరి మొహాలూ చూసి తీర్పు చెప్పాడు. ఇవాళ ఐదింటికల్లా రెండు జీబీలు మించకుండా ఫైలు ఇంజినీర్లకి చేరాలి. చేరకపోతే ఆమె కోరినట్టే మార్చేస్తాడు. ఫైలు కదిలేదాకా తనూ కదలనని ఆమె చీపురు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

అప్పుడు వెలిగింది అతనికి, ఫైలు చేరకపోతే రేపట్నుంచి ఫోన్లో పోట్లాడటానికి ఈ మనిషి ఉండదని. ఇంత విసిగించే మనిషి వదిలిపోతుంటే హాయిగా ఉండాలి కదా. ఉండటం లేదు. ఎందుకుండటం లేదా అని దాని మీద మళ్ళీ విసుగు.

నాలుగింటికి ఫైలు ఏడు జీబీలు తూగింది.

శాంప్లింగ్ చేశారా అని ఆమె అడిగింది. చేశానన్నాడు. మరి ఈ బరువేమిటంది. అతను మొదట సాఫ్ట్‌వేర్ మీద వేశాడు, తర్వాత కంప్యూటర్ మీద, ఆఖరికి కరెంటు మీద. ఆమె వినలేదు. మౌస్ లాక్కుని ఫైల్లోని లేయర్లు, అదే పొరలు, ఒక్కొక్కటే ఆపుతూ పోయింది. గోడలు, కప్పు, మెట్లు అన్నీ కలిపినా రెండు జీబీల లోపే. అన్నిటికీ అడుగున 'తర్వాత చూద్దాం' అని ఒక లేయరు పడుకుని ఉంది.

"అది వద్దండీ. చెత్త."

"చెత్తకి ఐదు జీబీలా?" అని తెరిచింది.

నల్లటి తెర మీద నలభై మూడు మంది ఆమెలు నిలబడ్డారు. ఒకామె ఆవలిస్తోంది. ఒకామె జడ వెనక్కి విసిరింది, ఆ జడ తుంపరలా చెదిరింది. ఒకామె కిటికీ మీద పావురాన్ని చూసి నవ్వుతోంది. స్కానర్‌కి కనబడిన వైపే చుక్కలు పడతాయి కాబట్టి ఏ ఒక్కరికీ వీపు లేదు.

"తుడిచేశానని రాశారుగా."

"రాశాను."

"హాలంతా సెంటీమీటరుకో చుక్క చేశారు. నన్నెందుకు వదిలేశారు?"

అతను తెర వంకే చూస్తూ అన్నాడు. "ఒకసారి చేసి చూశానండీ. ముఖం పోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చుకున్నాను."

ఆమె గడియారం చూసింది. ఐదుకి పది నిమిషాలుంది. ఆ లేయరు ఎంచి డిలీట్ నొక్కింది. నిజంగానే తీసేయనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఆమె మౌస్‌ని అతని వైపు తోసింది.

"దానికి మీరే చెప్పండి. మనిషిని పక్కన పెట్టుకుని చుక్కల్ని దాచుకోవడమేంటండీ, నన్ను విసిగించడానికి కాకపోతే?"

అతను నొక్కాడు. నలభై మూడు మందీ ఒక్కసారే మాయమయ్యారు. నలభై నాలుగో ఆమె మాత్రం కుర్చీలో అలాగే ఉంది, వీపుతో సహా.

ఐదుకి నాలుగు నిమిషాలుండగా ఫైలు వెళ్ళింది. మేనమామ తలుపు తోసుకొచ్చి, రేపటి స్కాన్లు ఎవరికివ్వనమ్మా అని అడిగాడు.

"ఈయనకే ఇవ్వండి సార్."

"మరి ఫైలు వెళ్ళిపోయిందిగా, ఇంకా కూర్చున్నావేం?"

"అసలు మాట ఇంకా అనలేదు సార్ ఈయన. ప్రాసెసింగ్‌లోనే ఉన్నారు. అనేదాకా లేవను."

మేనమామ చెవులదాకా ఎర్రబడ్డ మేనల్లుణ్ణి ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేస్తూ అన్నాడు.

"తొందరగా అనరా. మీ అమ్మకి నేను ఫోన్ చేసుకోవాలి."