ప్రాస్పెక్టస్‌లో లేని ముప్పు

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో టీ తాగిన మనిషి, మట్టి కప్పు పారేసేలోగా చచ్చిపోయాడు.

పట్టపగలు, ప్లాట్‌ఫాం నిండా జనం. చుట్టూ మూగినవాళ్లు గుండెపోటన్నారు. గుండెపోటుకి నాలుక నీలంగా మారదని చెప్పడానికి అక్కడెవరూ లేరు. చనిపోయినవాడి పేరు జయప్రకాష్. చిటికెపే అనే డిజిటల్ పేమెంట్స్ కంపెనీలో సెక్యూరిటీ హెడ్. అదే ఊరి ఝపటాపూర్‌లో కిరాణా కొట్టు నడిపే కన్యకాంబ కొడుకు.

మర్నాడు పొద్దున్న అదే ప్లాట్‌ఫాం చివర ఒక టికెట్ కలెక్టర్ బెంచీ మీద కూర్చున్న మనిషి ముందు ఆగాడు.

"బెర్త్ ఉందా సార్?" అడిగాడు ఆ మనిషి.

"కిటికీ పక్కది ఉంది. కిటికీ మాత్రం లేదు."

కోడ్ కుదిరింది. టికెట్ కలెక్టర్ వేషంలో ఉన్నది విల్‌ఫ్రెడ్, గూఢచారి ఏజెన్సీ ఈస్టర్న్ చీఫ్. బెంచీ మీద ఉన్నది ఏజెంట్ ఉమాశంకర్. రైల్వే పనులకొచ్చిన తెలుగువాళ్లుండే ఈ ఊరి ట్రాఫిక్ కాలనీలో పుట్టి పెరిగినవాడు.

"చిటికెపే పబ్లిక్ ఇష్యూ ఈ సాయంత్రంతో ముగుస్తుంది." విల్‌ఫ్రెడ్ చార్టులో పేరు వెతుకుతున్నట్టు నటించాడు. "షేర్లు కొనేవాళ్లకిచ్చే ప్రాస్పెక్టస్‌లో రిస్కులన్నీ ఏకరువు పెట్టారు. పోటీ, రూల్స్ మారడం, సర్వర్లు పడిపోవడం, ఆఖరికి వరదలు కూడా. అసలుది ఒక్కటే రాయలేదు."

"ఏది?"

"కొట్లలో డబ్బు పడగానే అరిచే సౌండ్‌బాక్స్ చూశావుగా. దేశంలో చిటికెపే బాక్సులన్నిటికీ మాస్టర్ కీ ఒక్కటే. అది ఆర్కిడ్ చేతిలో ఉంది."

ఆర్కిడ్ అంటే పువ్వు కాదు. విదేశీ ముఠా. ఆ కీ ఉన్నవాడు ఏ రోజు కావాలంటే ఆ రోజు, ఏ ఊళ్లో కావాలంటే ఆ ఊళ్లో చెల్లింపులన్నీ ఆపేయగలడు. ఇష్యూ గట్టెక్కితే చిటికెపే ఇంకో పది లక్షల కొట్లలోకి వెళుతుంది. వెనకాలే ఆర్కిడ్ కూడా వెళుతుంది.

"జయప్రకాష్ అది కనిపెట్టి చెల్లెలికి చెప్పాడు. చెల్లెలు చరిత ఆ కంపెనీ సెక్రటరీ. ఇవాళ పన్నెండింటికి ఇన్వెస్టర్ల వీడియో కాల్‌లో ఆ సంగతి బయటపెడతానంటోంది. మన మాట మార్కెట్లో చెల్లదు. ఆమె నోటితోనే రావాలి."

"అంటే పన్నెండు దాకా ఆమెను బతికించాలి."

"చెప్పడం పూర్తయ్యేదాకా. ఎక్కడ దాచావు?"

"మా అత్త క్వార్టర్లో. నేను కాక తెలిసింది మన ఏజెంట్ మీనాకుమారికే."

"జయప్రకాష్ ఏ రైలుకి వస్తున్నాడో కూడా మనవాళ్లకే తెలుసు," అన్నాడు విల్‌ఫ్రెడ్. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కళ్లు తెరుచుకుని ఉండు."

ఉమాశంకర్ ట్రాఫిక్ కాలనీకి చేరేసరికి వీధి వీధంతా మైకులు. ఆకాశం నిండా గాలిపటాలు. విశ్వకర్మ పూజ. ఖరగ్‌పూర్‌లో ఆ రోజు రైల్వే వర్క్‌షాప్‌లో లేత్ తిరగదు, సుత్తి లేవదు. పనిముట్టన్నది ఏదైనా సరే కడిగించుకుని, బొట్టు పెట్టించుకుని, ఊరికే కూర్చుంటుంది.

అత్త సింహాచలమ్మ ఇంటి ముందు ఇడ్లీల దుకాణం పెడుతుంది. ఇవాళ దుకాణం మూసి, గ్రైండరు, ఇడ్లీ పళ్లేలు, గరిటెలు, చిటికెపే సౌండ్‌బాక్స్ అన్నీ దేవుడి పటం ముందు వరసగా పేర్చింది. ఒక్కోదానికీ కుంకుమ బొట్టు, బంతిపువ్వు.

"ఏటిరా శంకరా, ఈయేళ కూడా డ్యూటీయేటి?"

"తప్పదత్తా."

"బిశ్వకర్మ నాడు పనిముట్టు ముడితే సేతులు పడిపోతాయని మీ మావ అనేవోడు. ఇదిగో, ఈ పిల్లా ఇనదు."

చరిత లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయాయి. "క్షమించండి పిన్నీ. ఈ ఒక్క పనీ ఆపలేను," అంది. సింహాచలమ్మ ల్యాప్‌టాప్ మూతకి కుంకుమ పెట్టి, దేవుడికి ఆ పిల్ల తరఫున తనే క్షమాపణ చెప్పుకుంది.

"అమ్మకి ఇంకా చెప్పలేదు శంకర్ గారూ," అంది చరిత. "అన్నయ్య గుండెపోటుతో పోయాడని చెప్పమంటారా? నేను చెప్పను. ఎందుకు చంపారో అందరికీ చెప్పాకే అమ్మ దగ్గరికి వెళతాను."

ఉమాశంకర్ వాచీ చూసుకున్నాడు. అది మామూలు వాచీ కాదు. దగ్గర్లో సిగ్నల్ పంపే పరికరం ఏదున్నా మణికట్టు మీద వణుకుతుంది. చరిత ల్యాప్‌టాప్ కేబుల్ మీద నడుస్తోంది. ఫోన్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఇల్లంతా తిరిగాడు. వాచీ కదల్లేదు.

పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా మీనాకుమారి వచ్చింది. కలకత్తా యూనిట్ ఆమెది. నీలం పట్టుచీర, నల్లకళ్లద్దాలు. అత్తరు వాసన ఆమెకన్నా ముందే గుమ్మం దాటింది. ఈ ఊరి నిమ్‌పురా రైల్వే షెడ్ ఫిట్టర్ కూతురని ఆమె ఫైల్లో ఉంది. నిన్న సాయంత్రం కూడా వచ్చి ఇల్లు పరీక్షించి, పాతది నమ్మలేమని ఉమాశంకర్‌కి చెప్పి, అత్త సౌండ్‌బాక్స్ తీసుకుని కొత్తది ఇచ్చి వెళ్లింది.

"పూజ బాగా సేసినావు పిన్నీ," అంది పటం ముందు వంగి దండం పెడుతూ. లేచి ఉమాశంకర్‌తో మెల్లగా, "నేను వీధి చూస్తాను. నువ్వు గుమ్మం చూడు," అని వెళ్లిపోయింది.

పన్నెండయింది. లోపల చరిత గొంతు మొదలైంది. "ఇన్వెస్టర్లకు నమస్కారం. మా ప్రాస్పెక్టస్‌లో వెల్లడించని ఒక రిస్కును..."

వాచీ వణికింది.

ఉమాశంకర్ వరసలో ఉన్న వస్తువులన్నీ చూశాడు. సౌండ్‌బాక్స్ మీద, అప్పుడే నెట్‌వర్క్ అందుకుని, ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. స్విచ్ మీది బొట్టు చెరిగిపోయింది.

"అత్తా, దీన్ని ఎవరు వేశారు?"

"నాను పొద్దున్నే ఆపీసి బొట్టెట్టినాను కదరా. ఈయేళ ఎవులు ముడతారు? కాలనీలో పసిపిల్లకైనా తెలుసు."

కాలనీలో పసిపిల్లకైనా తెలుసు. ఫిట్టర్ కూతురికి తెలీదా?

బాక్సు ఎత్తాడు. ఉండాల్సినదానికన్నా రెండింతలు బరువు. స్విచ్ నొక్కాడు, ఊడొచ్చింది. కిటికీలోంచి చూస్తే వీధి అవతల మీనాకుమారి ఫోన్ మీద వేలు కదుపుతోంది. ఈ బాక్సుకి డబ్బు పంపుతోంది. డబ్బు అందిన మరుక్షణం బాక్సు నోరు తెరుస్తుంది, ఇల్లు లేచిపోతుంది. గ్యాస్ సిలిండర్ పేలిందని రాసుకుంటారు.

ఉమాశంకర్ పెరట్లోకి పరిగెత్తి, గోడ అవతల పాడుబడ్డ రైలు సైడింగ్ గోతిలోకి బలంకొద్దీ విసిరాడు. బాక్సు గాల్లో ఉండగానే ముద్దుగా మాట్లాడింది.

"చిటికెపే ద్వారా ఒక్క రూపాయి అందినది."

గోడ కూలింది. పూజ బాణసంచా అనుకుని వీధిలో ఎవరూ తిరిగి చూడలేదు. ఉమాశంకర్ ఇటుకల మధ్యనుంచి లేచాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారుతోంది. ఆ చెవికి ఇంకెప్పుడూ ఏమీ వినిపించలేదు. కుడి చెవికి మాత్రం లోపలి గొంతు వినిపించింది. సున్నం రాలిన ల్యాప్‌టాప్ ముందు, ఆగకుండా చదువుతోంది చరిత.

"...ఈ రిస్కును కనిపెట్టినవాడు మా అన్నయ్య జయప్రకాష్. నిన్న ఈ రిస్కే ఆయన్ని చంపింది. ఈ ఇష్యూని ఆపాలని కోరుతున్నాను."

ఇష్యూ ఆగింది.

మీనాకుమారి సందు మలుపు దాటలేదు. అక్కడ టికెట్ లేని ప్రయాణికుల కోసం కాచుకున్నట్టు విల్‌ఫ్రెడ్ నిలబడి ఉన్నాడు. ఉమాశంకర్ చేరేసరికి బేడీలు పడ్డాయి. ఆమె కుడి చూపుడువేలి కొసకి కుంకుమ అంటుకుని ఉంది.

"నువ్వు నిమ్‌పురా పిల్లవి కాదు," అన్నాడు ఉమాశంకర్.

"ఎలా తెలిసింది?"

"ఫిట్టర్ కూతురు ఇవాళ స్విచ్ ముట్టదు."

మీనాకుమారి కళ్లద్దాలు తీసి వేలు చూసుకుంది. "నాకిచ్చిన ఫైల్లో ఆ సంగతి రాయలేదు," అంది విసుగ్గా.

"ఈశ్వరుడైనా పట్టలేడన్నాను," గొణిగాడు విల్‌ఫ్రెడ్. "విశ్వకర్మ సంగతి మర్చిపోయాను."

సాయంత్రం చరిత ఝపటాపూర్ వెళ్లింది. ఉమాశంకర్ కొట్టు బయటే నిలబడ్డాడు. లోపల కన్యకాంబ ఏడుపు అతనికి ఒక చెవితోనే వినిపించింది. ఒక్క చెవికే అది భరించలేనంత ఉంది.

ఏడాది తిరిగాక చిటికెపే తాళాలన్నీ మార్చుకుని, కొత్త ప్రాస్పెక్టస్ వేసింది. రిస్కుల జాబితాలో ఒకటి కొత్తగా చేరింది: "కొన్ని ఊళ్లలో, కొన్ని రోజుల్లో, వ్యాపారులు మా పరికరాలను ఆపివేసి, బొట్టు పెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వరు." మిగతా ప్రతి రిస్కు కిందా కంపెనీ తీసుకుంటున్న జాగ్రత్తలు రాశారు. దీని కింద మాత్రం, ఎవరి పుణ్యమో గానీ, ఖాళీగా వదిలేశారు.