నూకాలమ్మ మంగళవారం

తెల్లారి ఊరంతా ఆ రోజును పక్కింటికి అప్పజెప్పడం మొదలెట్టిన వేళ అది. గోడల మీద పచ్చ దీపాలు ఒకదాని వెనక ఒకటి మినుకుమన్నాయి. తాతబ్బాయి ఆ సందడేమీ పట్టనట్టు పెరట్లో తేనెపెట్టె ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. చేతిలో చూపుపలక, పలక నిండా ఒకే ఒక ఈగ, కోడిపెట్టంత.

"వచ్చావా చిట్టెమ్మా, కొండ దాటి పోయావనుకున్నాను," అని పలకరించాడు దాన్ని.

చింతలగెడ్డలో ఇంటింటికీ కాపుకళ్లు వచ్చి ఓ తరం గడిచింది. మొదట్లో ఆ కళ్లు చూసిందంతా ఎవరింట్లో వాళ్లే దాచుకునేవారు. దొంగలు తెలివిమీరి బీరువాతో పాటు ఆ దాపుపెట్టెను కూడా మోసుకుపోవడం మొదలెట్టారు. పెద్దమనుషులు ఇంకా తెలివిమీరి తమకు గిట్టని దృశ్యాలు తామే చెరిపేసుకున్నారు. అందుకని తోడింటి చట్టం వచ్చింది. నీ ఇంటి దృశ్యాలు పక్కింటి పెట్టెలో ఉంటాయి, పక్కింటివి నీ పెట్టెలో. దాచేది ఒకరైనా, తెరవాలంటే దృశ్యాలు ఎవరివో ఆ ఇంటివాళ్ల బొటనవేలే పడాలి.

తాతబ్బాయికి తోడిల్లు నూకాలమ్మది. ఊరి విత్తనాలు దాచే చలిగదికి ఆమె తాళందారు, అతనికి వరసకు మరదలు. కొత్త దాపుపెట్టెలు కొనడానికి ఇద్దరూ ఒకే రోజు బజారుకెళ్లారు. ఆమె గంగాళమంత పెట్టె కొని, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. అది రుబ్బురోలులా గురగురలాడుతుంది. దాని పక్కన పడుకుంటే కలలు కూడా పిండైపోతాయని తాతబ్బాయి వెక్కిరించి, తాను అగ్గిపెట్టెంతది, నిగనిగలాడేది ఏరుకున్నాడు. చిన్నది తొందరగా నిండిపోతుందనీ, తీగలు కలిసే దారిగూడులో లావు తీగను పక్కింటి దృశ్యాలు రావడానికే వదలాలనీ, తన ఇంటివి వెళ్లే తీగ వేరనీ, సన్న తీగ సొంత సరదాలకనీ కొట్టు ఆవిడ చెప్పింది. ఆవిడ చెబుతున్నంతసేపూ అతను బుద్ధిగా తలూపాడు.

అతని సొంత సరదా తేనెపెట్టె మీద బిగించిన ఈగల కన్ను. ఒకప్పుడు టీకొట్టు దగ్గర తాతబ్బాయి కోతలంటే జనం గ్లాసులు చల్లారబెట్టుకుని వినేవారు. తన ఈగ సముద్రం మీద పడవెక్కి తేనె తెచ్చిందంటే, పడవవాడు టికెట్టు అడిగాడా అనేవారు. ఇప్పుడు బొమ్మ చూపించమంటున్నారు. సరే, చూపిస్తాననుకున్నాడు. మంగళవారం పొద్దున జీడిమామిడి పూతకి ఈగలు ముసురుకునేసరికి, అరుగు మీది దారిగూడు తెరిచి లావు తీగ పీకి ఈగల కన్నుకి గుచ్చాడు. సాయంత్రానికి మళ్లీ మార్చేశాడు కూడా. ఒక్క పూటలో పక్కింట్లో కొంపలేం మునుగుతాయి?

మునిగాయి. ఆ మంగళవారం మధ్యాహ్నమే చలిగది తలుపు బార్లా తెరుచుకుంది. ఊరి విత్తనమంతా ఉడికిపోయింది. గడియే పాడైందా, తాళందారు తెరిచి మరిచిందా అన్నది తేలాలి. నూకాలమ్మ తాను ఆ పూటంతా జ్వరంతో ఇంట్లోనే ఉన్నానంది. ఉంటే తాళం ఆమె దగ్గరే ఉన్నట్టు, తప్పు గడియది. లేకపోతే ఆమె తాళమూ పోతుంది, తిండీ పోతుంది, పేరూ పోతుంది.

సాక్ష్యాధికారిణి వనజాక్షి తాతబ్బాయి ఇంటికొచ్చింది. నూకాలమ్మ నమ్మకంగా వేలు నొక్కింది. సోమవారం వచ్చింది, బుధవారం వచ్చింది. మధ్యలో బూడిదరంగు. బూడిదరంగు కనబడితే కళ్లను ఇంటివాళ్లే ఆపేశారని చట్టం లెక్క. తోడిల్లు కక్కుర్తి పడుతుందని ఆ చట్టం రాసినవాళ్లకి తట్టలేదు. తాతబ్బాయి పైకప్పు వాసాలకేసి చూస్తూ నిలబడ్డాడు.

అసలు సంగతి, అతను ఆమెను కళ్లారా చూశాడు. ఆ మధ్యాహ్నం గోడ మీద మోచేతులు ఆనించి తొంగిచూస్తే, నూకాలమ్మ నులకమంచం మీద నుదుట తడిగుడ్డతో పడుంది. చిట్టెమ్మ కొండ మీద ఎలుగుబంటితో బేరమాడి వచ్చిందని చెబితే, నవ్వలేక నవ్వి, పోదూ బావా, తల పగిలిపోతోంది అంది. బొమ్మ అడగకుండా అతని కోతలు వినే మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే మిగిలింది. కానీ ఈ రోజుల్లో కంటితో చూశానంటే నవ్వుతారు. పైగా ఆ బూడిదరంగు చూశాక, అది నిజంగా మంగళవారమేనా, సోమవారం కాదు కదా అని అతనికే అనుమానం వచ్చింది. వచ్చిందో, తెచ్చుకున్నాడో.

మర్నాడు నూకాలమ్మే వచ్చింది. నిన్న రాత్రంతా ఆలోచించాను బావా అంది. తాతబ్బాయి ఇంటి దృశ్యాలు ఆమె గంగాళంలో భద్రంగా ఉన్నాయి. అతను గోడ దగ్గర నిలబడి తనతో మాట్లాడడం అందులో ఉంటుంది. అతని వేలు పడితే చాలు.

రోజు తెరిస్తే పొద్దున్నుంచి మొత్తం తెరవాలి, ముక్క కోసుకునే వీల్లేదు. తీగ పీకడం అందరూ చూస్తారు. తోడు తప్పిన ఇంటికి మళ్లీ ఎవరూ తోడు రారు.

"వేలికి ఈగ కుట్టింది నూకా. వాచిపోయింది. ముద్ర పడదేమో," అన్నాడు.

ఆమె ఇంట్లోకెళ్లి కాస్త సున్నం తెచ్చి, అతని చెయ్యి అందుకుని బొటనవేలికి రాసింది. వాపు లేదు, ముల్లు లేదు. అటూ ఇటూ తిప్పి మరీ రాసింది.

"తగ్గాక రా బావా. విచారణ సభ రేపే," అని వెళ్లిపోయింది.

తాతబ్బాయి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ఆ చేత్తో ముద్ద ఎత్తలేకపోయాడు.

సభలో అతను తనంత తానే లేచి వేలు నొక్కాడు. తెర మీద ముందు తీగ పీకే తాతబ్బాయి కనిపించాడు, ఈల కూడా వేస్తున్నాడు. తర్వాత గోడ, గోడ అవతల తడిగుడ్డ పట్టుకుని విసుగ్గా ఊపుతున్న చెయ్యి, పోదూ బావా అన్న గొంతు. తప్పు గడియదేనని తేలింది. తోడింటి పట్టీలోంచి అతని పేరు కొట్టేశారు. నూకాలమ్మ దృశ్యాలు ఆ రోజునుంచే ఇంకో ఇంటికి మార్చారు. అందరూ నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, అదే కష్టంగా ఉంది.

జనం కదిలాక ఆమె దగ్గరికొచ్చింది.

"ఆ తీగ సంగతి వదిలేయ్. నన్ను చూశావు కదా బావా. వాళ్లు ఇంటికొచ్చిన రోజే చెప్పొచ్చు కదా."

"పెట్టెలో లేకపోయేసరికి... ఆ రోజేనో కాదోనని నాకే అనుమానం వచ్చింది నూకా."

ఆమె తాళం బొడ్లో దోపుకుంది.

"నాకు ఒళ్లు కాలిపోతోంది ఆవేళ. అయినా నువ్వొచ్చింది మంగళవారమేనని నాకు అనుమానం రాలేదు."

సాయంత్రం గోడ అవతల ఎవరో దగ్గారు. తాతబ్బాయి చెయ్యి దానంతటదే చూపుపలక మీదికి పోయింది, ఎవరో చూద్దామని. గోడ నాలుగడుగుల దూరంలోనే ఉంది. లేచి తొంగిచూస్తే సరిపోయేది. లేవలేకపోయాడు.