ఫియట్ కారు సీసా

మొదటిసారి కలిసినప్పుడు రాజ్‌కిరణ్ తనూజని "దీదీ" అని పిలిచాడు. ఆ ఒక్క మాటని మరిపించడానికి అతనికి ఎనిమిది నెలలు పట్టింది.

చరోదా రైల్వే గేటు దగ్గర, వానలో, ఆమె స్కూటీ మొరాయించింది. వెనక హారన్లు మోగుతున్నాయి. యార్డులో డ్యూటీ దిగి వస్తున్న పొడుగాటి కుర్రాడొకడు దగ్గరకొచ్చి, "దీదీ, థోడా హటియే" అని పక్కకి జరగమన్నాడు.

"దీదీ ఏటి, నేను నీకు అక్కనా? నీకంటే నాలుగేళ్ళు చిన్నదాన్నై ఉంటాను!" అంది తనూజ. కోపం వస్తే ఆమెకి ఇంటి తెలుగే వస్తుంది.

అతని మొహం వెలిగిపోయింది. "అరె, మీరు తెలుగా! మేమూ తెలుగే. నా తెలుగు మాత్రం థోడా వీక్."

ఆ వీక్ తెలుగుతోనే అతను రోజూ ఏదో ఒకటి మాట్లాడాడు. ఆమె రోజూ తప్పులు దిద్దింది. దిద్దడం కోసమే ఎదురుచూడటం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియలేదు.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే, నాన్నకి చెప్పడం.

తనూజ తండ్రి గురునాథరావు ఎప్పుడో ఈ హిందీ ప్రాంతానికి వచ్చి, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి ఇష్టమైనవి రెండు. సింహాద్రి అప్పన్న, ఇంటి ముందున్న పాత తెల్ల ఫియట్ కారు. గిట్టనిది ఒక్కటే, తాగుడు. ఒక్కగానొక్క తమ్ముణ్ణి తాగుడే మింగేసింది. అప్పటినుంచి కూతురికి ఏ సంబంధం వచ్చినా జాతకం కంటే ముందు "అబ్బాయి తాగుతాడా?" అని అడుగుతారు.

చందనోత్సవానికి ఆయన సింహాచలం వెళ్ళారు. రేపు ఉదయం వస్తారు. ప్రసాదం కళ్ళకద్దుకుని, మనసు చల్లగా ఉన్న ఆ పూటే చెప్పేయాలని తనూజ నిశ్చయించుకుంది.

సరిగ్గా ఇవాళే కారు అద్దం వంకరపోయింది.

"ఎలా లాగావు?" రోగిని అడిగే డాక్టరులా అడిగాడు రాజ్‌కిరణ్, స్మృతి నగర్‌లో తనూజ వాళ్ళింటి ముందు కారు పక్కన గొంతుక్కూర్చుని.

"అమ్మని గుడికి తీసుకెళ్ళాను. గాలివాన వచ్చీసింది. హ్యాండిల్ తిప్పితే ఎక్కలేదు. చేత్తో పట్టుకుని లాగీసేను."

"గట్టిగానా?"

"కొంచెం... గట్టిగానే."

డ్రైవరు వైపు తలుపులో అద్దం ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. వెనక మూల ఫ్రేము దాటి బయటికి పొడుచుకొచ్చింది. ముందువైపు వేలు దూరేంత సందు.

"మేస్త్రీ దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళలేదు?"

"ఆయన నాన్నకి ముప్పై ఏళ్ళ స్నేహితుడు. కారు షెడ్డులో పెట్టేలోపు నాన్నకి ఫోను వెళ్ళిపోద్ది. నువ్వు రైలు వ్యాగన్లే బాగుచేస్తావు కదా, ఇదెంత?"

"వ్యాగన్‌కి సీసా ఉండదు తనూ."

అయినా పనిలోకి దిగాడు. హ్యాండిల్ ఊడదీశాడు, లోపలి అట్ట విప్పాడు, టార్చి వేసి తలుపు కడుపులోకి చూశాడు.

"దేఖో. సీసా కింద ఈ ఇనుప పట్టీలో కూర్చుంటుంది. నువ్వు లాగినప్పుడు పట్టీ జారింది. సీసాకి ఏం కాలేదు."

"పగిలితే?"

"ఇంత పాత కారుకి సీసా దొరకదు. అందుకే పగలకూడదు."

"నీ ఓదార్పు తగలెయ్య."

రాజ్‌కిరణ్ నవ్వి, బోల్టులు వదులుచేశాడు. అద్దాన్ని కిందికి దించి, పట్టీ సర్ది, మెల్లగా పైకి తీసుకొచ్చాడు. "ఇప్పుడు అసలు పని. సీసా పైన, దాని జాగాలో ఉన్నప్పుడే బోల్టు బిగించాలి. కింద ఉన్నప్పుడు బిగిస్తే మళ్ళీ టేఢా, వంకరే. నువ్వు బయటినుంచి రెండు చేతులతో పట్టుకో. కదలకూడదు."

తనూజ పట్టుకుంది. అద్దానికి అటువైపు, జానెడు దూరంలో అతని మొహం. వాన వెలిసిన వెలుతురులో అతని కనురెప్పల మీద దుమ్ము కూడా కనిపిస్తోంది.

"నా మొహం కాదు, బోల్టు చూడు."

"బోల్టు ఎక్కడికీ పోదు."

"రాజ్!"

"చూస్తున్నా, చూస్తున్నా."

అప్పుడే సీటు మీద ఆమె ఫోను మోగింది. తెర మీద 'నాన్న' అని వెలుగుతోంది.

"ఎత్తకు!" అంది తనూజ.

కానీ పెద్దవాళ్ళ ఫోను మోగుతుంటే వదిలేయడం అతనికి ఇంట్లో నేర్పలేదు. అప్పటికే చెవి దగ్గర పెట్టేసుకున్నాడు.

"నమస్తే అంకుల్! నేను రాజ్‌కిరణ్, తనూజ ఫ్రెండ్‌ని... ఉంది అంకుల్, పక్కనే ఉంది. కానీ చేతులు ఖాళీ లేవు. సీసా పట్టుకుంది."

అవతల గురునాథరావు ఏమన్నారో తనూజకి వినిపించలేదు.

"అవును అంకుల్, రెండు చేతులతోనూ. వదిలితే పగిలిపోతుంది... లేదు లేదు, మీరు టెన్షన్ పడకండి. సగం పనే అయింది. ఈ సీసా సంగతి నేను చూసుకుంటాను... నేనా? నాకు ఇలాంటివి అలవాటే అంకుల్... ఆంటీ ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడే చాయ్ ఇచ్చారు. సీసా పని అయ్యాక భోంచేసి వెళ్ళమన్నారు."

ఫోను వైపు చూసుకున్నాడు. "కట్ అయింది. బండి ఎక్కారంట. చాలా తక్కువ మాట్లాడతారు మీ నాన్న."

వరండాలో స్టీలు గ్లాసుతో నిలబడిపోయింది తనూజ తల్లి తాయారమ్మ.

"బాబూ, ఆయనతో ఏటన్నావు నువ్వు?"

"నిజమే చెప్పాను ఆంటీ. సీసా గురించి."

"సీసా అంటే ఏటనుకున్నావు నాయనా?"

"ఇదే కదా!" అంటూ వేలితో టకటకమని కొట్టి చూపించాడు.

"అది అద్దం! హిందీలో ఏటో గానీ, మన తెలుగులో సీసా అంటే మందుసీసా!"

తనూజ ఎనిమిది నెలలుగా అతని తప్పులన్నీ దిద్దింది. హిందీలో అద్దాన్ని శీశా అంటారు; ఈ మాట మాత్రం వీధిలో, స్కూల్లో అందరూ అనేదే కాబట్టి చెవికి తప్పుగా తోచలేదు. ఇప్పుడు ఒక్కొక్క మాటా నాన్న చెవితో విని చూసుకుంది. కూతురు రెండు చేతులతో సీసా పట్టుకుంది. సగం పని అయింది. కుర్రాడికి అలవాటే. అయ్యాక భోజనం.

తాయారమ్మకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"బేగి ఫోన్ చెయ్యి," అంది.

"ముందు బోల్టు బిగించమను అమ్మా. చేతులు లాగీస్తున్నాయి."

బోల్టు బిగిసింది. అద్దం ఇంచు తేడా లేకుండా ఫ్రేములో కూర్చుంది. దాన్ని చూసి సంతోషించే తీరిక ఎవరికీ లేదు. గురునాథరావు ఫోను స్విచాఫ్. చార్జింగు మిగులుతుందని రైలెక్కగానే ఆపేయడం ఆయనకి అలవాటు.

ఉదయం దుర్గ్ స్టేషన్‌కి తనూజ ఒక్కతే వెళ్దామనుకుంది. ప్లాట్‌ఫారం మీద రాజ్‌కిరణ్ ముందే నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావు?"

"తప్పు నాది. నేనే చెప్పాలి."

"ఆ కళ్ళేటి అంత ఎర్రగా ఉన్నాయి?"

"నైట్ డ్యూటీ కదా. సీదా అక్కడినుంచే వస్తున్నా."

"దేవుడా! ఇవాళే ఎర్రబడాలా? వెళ్ళి నీళ్ళు కొట్టుకో."

కొట్టుకున్నాడు. ఇంకా ఎర్రబడ్డాయి.

రైలు వచ్చింది. నుదుట గంధంతో, భుజాన సంచితో గురునాథరావు దిగారు. కూతుర్ని చూశారు. పక్కనున్న కుర్రాణ్ణి చూశారు. అతని కళ్ళను చాలాసేపు చూశారు.

"నాన్నా, నిన్న ఫోన్లో..."

ఆయన చెయ్యెత్తి ఆపారు. "నన్ను ముందు చెప్పనీ అమ్మా. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు. ఆగితే మర్చిపోతాను."

ఆయన రాజ్‌కిరణ్ వైపు తిరిగారు.

"చూడు బాబూ, నాకొక తమ్ముడుండేవాడు. ఒకరోజు తాగొచ్చాడని గుమ్మంలోంచే పంపీసేను. అదే ధర్మమనుకున్నాను. వాడు మరి రాలేదు. నిన్న నీ మాటలు విని ముందు ఒళ్ళు మండిపోయింది. తరవాత నిదానంగా ఆలోచించాను. దాచలేదు నువ్వు. అలవాటుందని ఆడపిల్ల తండ్రితోనే చెప్పావు. మా పిల్ల ఆ సీసా నీకు అందకుండా రెండు చేతులా పట్టుకుందంటే, నువ్వంటే దానికెంత ప్రాణమో నాకు తెలీదా? ఇన్నేళ్ళు అప్పన్నకి మొక్కి నేను నేర్చుకున్నది మనుషుల మొహాన తలుపెయ్యడమేనా అనిపించింది." ఆయన గొంతు సవరించుకున్నారు. "రాయ్‌పూర్‌లో మాన్పించే డాక్టరున్నాడట. పక్క బెర్తాయన చెప్పాడు. నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. పద."

రాజ్‌కిరణ్‌కి తెలుగే కాదు, హిందీ కూడా రాలేదు. "అంకుల్... సీసా అంటే... గాడీ కా... కారుది... అద్దం" అన్నాడు చివరికి.

మిగిలింది తనూజ ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. గాలివాన, తను లాగడం, పట్టీ జారడం, అంతా.

గురునాథరావు కదల్లేదు. సామాన్ల తోపుడుబండి వస్తుంటే రాజ్‌కిరణే ఆయన్ని మెల్లగా పక్కకి జరిపాడు.

"అద్దమా?"

"అద్దమే నాన్నా."

"తాగడా?"

"చాయ్ ఒక్కటే."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తనూజకి అర్థం కాలేదు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటుంటే తెలిసింది, రెండూనని.

"తాగేవాడికి ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించుకున్నాను. తాగనివాడికి ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు," అన్నారు.

రైలు వెళ్ళిపోయింది. తనూజ తన చేతివేళ్ళు తనే విరుచుకుంటోంది.

"మీరెక్కడుంటారు?" అని అడిగారు గురునాథరావు.

"చరోదా, అంకుల్. రైల్వే క్వార్టర్స్."

"నంబరు?"

పుట్టి పెరిగిన ఇంటి నంబరు. రాజ్‌కిరణ్ నోరు తెరిచాడు, మూశాడు. ఒక్క అంకె కూడా గుర్తుకు రాలేదు.

"నూటపద్దెనిమిది బై బి నాన్నా, నీళ్ళ ట్యాంకు వెనకాల," అని, నాలుక్కరుచుకుంది తనూజ.

ఆయన నెమ్మదిగా ఆమె వైపు తిరిగారు. "వెళ్ళావా?"

"ఒక్కసారే. అమ్మ కూడా వచ్చింది."

"అమ్మ కూడానా! అయితే మనింట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే అన్నమాట."

"నీకు చెప్పడానికి భయమేసింది నాన్నా. అప్పన్నకి చెప్పుకున్నాను."

'భయమేసింది' అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయారు. కూతురి తల మీద చెయ్యి వేశారు. చాలాసేపు తియ్యలేదు.

"మూడు రోజులు ఆయన ముందే నిలబడ్డాను. నాతో ఒక్క మాటైనా అనలేదు చూశావా!" అన్నారు చివరికి.

సంచిలోంచి ప్రసాదం పొట్లం తీసి రాజ్‌కిరణ్ రెండు చేతుల్లో పెట్టారు.

"మీ అమ్మగారికివ్వు. ఆదివారం మేం వస్తున్నామని చెప్పు. ఎందుకొస్తున్నామో కూడా చెప్పు." రెండడుగులు వేసి, వెనక్కి తిరిగారు. "బాబూ, తెలుగులో చెప్పకు. హిందీలోనే చెప్పు."