హీల్కే గీసిన మబ్బులు

"తలుపు తీయకే, ఒక్క క్షణం ఆగు!" మార్త్యే ఆదుర్దాగా కూతురి చేతిలోని కుంచె లాక్కుంది. గుమ్మం బయట చిత్రకారుల సంఘం పెద్ద అడ్రియాన్ గారు! చేతులు వణికే ఆమె భర్త ఫ్లోరిస్ ఎవరి బొమ్మలనో తనవని అమ్ముతున్నాడని ఫిర్యాదట. తన కళ్ళెదుటే గీసి చూపించమంటున్నారు...

ఆ ఫిర్యాదులో సగం నిజమని కూతురు హీల్కేకి తెలుసు. కొన్నేళ్ళుగా ఆ బొమ్మల్లో ఇసుకదిబ్బలు, కాలువలు తండ్రివి. రంగు ఆరేలోగా మెత్తగా కలిపేయాల్సిన మబ్బులు మాత్రం ఆమెవి! శిష్యుల పనికి గురువు పేరు పెట్టడం హార్లెమ్‌లో మామూలే. కాని ఆ శిష్యులు సంఘంలో చేరి ఉండాలి. హీల్కే చేరలేదు. ఆడపిల్ల గీసిందంటే ఎవరూ కొనరని తల్లి భయం.

"ఏమండీ, జ్వరమని పడుకోండి!"

"ఎన్నిసార్లు పడుకోను మార్త్యే? ఆ జ్వరానికే సిగ్గేస్తోంది!" అంటూ ఫ్లోరిస్ తలుపు తీశాడు.

అడ్రియాన్ వెంట తెచ్చిన ఖాళీ చెక్కపలక ముందు పెట్టారు. ఫ్లోరిస్ కుంచె ఆనించగానే తెల్లగీత వంకరలు పోయింది. హీల్కేకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"మా నాన్నకి ఒంట్లో..."

"అబద్ధం వద్దు తల్లీ!" ఫ్లోరిస్ తలెత్తాడు. "అడ్రియాన్ గారూ, నాకు చేతనైంది నేల వరకే. ఆకాశమంతా నా కూతురిది!"

అడ్రియాన్ నోరు తెరిచారు. "నగర సభలో వేలాడే నీ బొమ్మలోని ఆ వానమబ్బులు కూడానా? అవి చూసి వాన పడుతుందేమోనని నేను టోపీ సర్దుకున్నానయ్యా!"

"అవి కూడానండీ!"

"దాచడం తప్పే ఫ్లోరిస్... ఏదీ, నువ్వు గీయమ్మా."

హీల్కే వంకరగీత తుడిచేసి గీసింది. సముద్రం, దానిమీద కమ్ముకొస్తున్న మబ్బులు, వాటి చీలికలోంచి జారే వెలుగు! అడ్రియాన్ చెయ్యి మళ్ళీ టోపీ మీదికి వెళ్ళింది. "సంఘంలో చేర్చుకుంటాం. ఇదే నీ పరీక్ష" అన్నారు.

ఆ సంతోషంలో హీల్కే చెయ్యి అలవాటుగా బొమ్మ మూలన 'ఫ్లోరిస్' అని రాసేసింది! ఫ్లోరిస్ వణికే బొటనవేలితో ఆ తడిపేరు తుడిచేశాడు.

"ఇది నాది కాదమ్మా... ఇంత బాగా నేనెప్పుడూ గీయలేదు."

హీల్కే భయంభయంగా తల్లివైపు చూసింది. మార్త్యే నడుముకి కట్టుకున్న ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ దగ్గరికొచ్చి, ఇందాక కుంచె లాక్కునేలా చేసిన భయమంతా మరిచిపోయి కసిరింది.

"చూస్తావేమే? నీ పేరు రాయి! అంత చిన్నగా కాదు... వీధిలో పోయేవాళ్ళకి కనబడాలి!"