కల్లంలో తాలుకాయలు

"నీ చేతులతో నువ్వే కలుపుతున్నావా కలీం! ఇంకా ఎన్నాళ్లు మా కళ్లు కప్పుతావు!"

నజీరా అరుపుకి కల్లంలో కూలివాళ్లంతా తలలెత్తారు. మేలురకం మిరపకాయల రాశి ముందు కూర్చున్న మరిది చేతిలో గుప్పెడు తాలుకాయలు! రంగు వెలిసిన ఆ తెల్లకాయలు ఈమధ్య రోజూ ఎర్రరాశిలో కనిపిస్తున్నాయి. కాయ నలిపి రకం చెప్పేసే తన భర్త గౌస్ బాషా పేరు మిర్చియార్డులో మంటగలిసిపోతోంది...

ఆమె అనుమానం ఈనాటిది కాదు. గుంటూరులో ఆయనకి గుండె ఆపరేషన్ అయిన రోజే మొదలైంది. కోసింది ఛాతీ అయితే నుదుటి మీద ఆ రెండు ఎర్రటి గుర్తులేమిటి? మత్తు డాక్టరు కలీంని పక్కకి పిలిచి చెప్పిందేమిటి? అడిగితే "ఏం లేదు వదినా" అంటూ చూపు తిప్పుకున్నాడే! అప్పట్నుంచీ ఆయన అదోలా అయిపోయాడు. టీ తాగి, టీ ఏదంటాడు. అన్న మెత్తబడితే కల్లం తమ్ముడి చేతికి రాదూ! కన్నకొడుకులా సాకిన మరిదే ఇంత పని చేస్తాడా అని ఆమె రగిలిపోయేది.

"కలపట్లేదు వదినా... ఏరుతున్నా," అన్నాడు కలీం తల దించుకుని.

"ఎవరి చెవిలో పూలు పెడతావు!"

కూలివాళ్లు మళ్లీ పనిలో పడ్డారు. అంతలో గౌస్ బాషా వచ్చి రాశి పక్కన కూర్చున్నాడు. ఒక తాలుకాయ తీసి, నలిపి, వాసన చూసి, "ఫస్టు రకం!" అంటూ దర్జాగా ఎర్రరాశిలోకి విసిరాడు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి...

నజీరా భర్త వైపు అడుగు వేయబోయింది. కలీం ఆమెను బస్తాల చాటుకి తీసుకెళ్లాడు.

"ఆపరేషనప్పుడు మెదడుకి ఆక్సిజన్ ఎంత అందుతుందో చూడ్డానికి నుదుటికి పట్టీలు అంటించారు వదినా. మధ్యలో కాసేపు తగ్గిందంట, వెంటనే సరిచేశారంట. ఈ మతిమరుపు దానివల్లేనో కాదో వాళ్లూ చెప్పలేకపోయారు. కొందరికి కొన్నాళ్లకి తగ్గుద్దంట, కొందరికి... నువ్వు తట్టుకోలేవని దాచా. అన్నయ్య తప్పు కూలోళ్ల కళ్లబడకూడదని వీలైనప్పుడల్లా ఏరేస్తున్నా, అయినా కొన్ని మిగిలిపోతున్నాయి."

"అయ్యో! నలుగురిలో నిన్ను దొంగని చేశానే... ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేదిరా!" అంటూ నజీరా భోరుమంది.

అవతల గౌస్ బాషా తాను విసిరిన కాయనే పైకెత్తి ఖంగున అరిచాడు. "నజీరా! మంచికాయలో తాలు కలిపిందెవరు? నాకు కలీం మీదే అనుమానం!"

కూలివాళ్ల చూపులన్నీ కలీం మీదకి తిరిగాయి. "అవునన్నయ్యా..." అంటూ అతను నోరు విప్పబోయాడు. నజీరా గబగబా ముందుకొచ్చింది.

"వాడు కాదండీ... నేనే కలిపాను. ఊరికే వాడి మీదకి నెట్టాను!"

"నువ్వా?"

కాపురానికొచ్చిన నాటి నుంచీ ఎన్నడూ చూడనంత అనుమానంగా ఆయన భార్యను చూశాడు. వెనకాల కలీం వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నజీరా మాత్రం భర్త చూపు తప్పించుకోకుండా అక్కడే నిలబడింది.